భోజనం వేళకు వచ్చే డాక్టరు

మా డాక్టరు గారు పోయారు. శనివారం మధ్యాహ్నం చివరి పేషెంటును చూసి పంపించి, సర్జరీకి తాళం వేసి, వచ్చి కారులో కూర్చున్నారట. బండి కదల్లేదు. ఎదుటి కూరగాయల కొట్టాయన చాలాసేపు చూసి, రోడ్డు దాటి వెళ్లి కిటికీ అద్దం మీద తట్టాడు. అప్పటికే అయిపోయింది. ఈ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేస్తున్న నర్సు. ఆమె ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, "మీ అమ్మగారికి మీరే చెప్పుకోండి. ఆమెకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు," అని ఫోన్ పెట్టేసింది.

మేముండేది డర్బన్ ఉత్తరపు కొసన, అవోకా అనే పేటలో. ఇక్కడ డాక్టరు రోగుల్ని చూసే గదిని సర్జరీ అంటారు. అక్కడ కోతలూ కుట్లూ ఏమీ ఉండవు. మా ఇంటి నుంచి రెండు వీధులు దిగితే ఆయన సర్జరీ. ముందు ఒక వసారా, వసారాలో గోడ పొడుగునా ఒకే ఒక చెక్క బల్ల. ఈ దేశంలో చాలాకాలం డాక్టర్ల దగ్గర కూడా తెల్లవాళ్లకొక గుమ్మం, మిగతావాళ్లకొక గుమ్మం ఉండేవి. ఈయన మొదటి రోజు నుంచీ ఒక బల్లే వేయించారు. ఎందుకని ఒకసారి అడిగితే, "రెండో బల్లకు చోటు లేదు," అన్నారు. చోటు ఉంది. నేను చూశాను.

నేను విశాఖపట్నంలో ఒక పత్రికలో రిపోర్టరుగా పనిచేసేవాణ్ణి. ఇక్కడ అందరికీ ఓటు వచ్చి కొత్త ప్రభుత్వం ఏర్పడిన మరుసటి ఏడాది, మా ఆవిడకు డర్బన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని ఒక రంగుల కంపెనీలో కెమిస్ట్ ఉద్యోగం దొరికింది. నాన్నగారు అప్పటికి లేరు. అమ్మను కూడా తీసుకుని వచ్చేశాం. అమ్మ విజయనగరంలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. నేను ఇక్కడి ఒక వారపత్రికలో డెస్కు మీద కుదురుకున్నాను.

డాక్టరు గారి ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద ఓడెక్కి వచ్చినవాడు. ఆ తోటలు స్టాంగర్ చుట్టుపక్కలవి. డాక్టరు గారు పుట్టింది కూడా అక్కడే. తన రంగు వాళ్లకు సొంత దేశంలో మెడికల్ సీట్లు చాలా తక్కువ కాబట్టి ఐర్లండ్ వెళ్లి చదువుకున్నారు. చదువవగానే తిరిగొచ్చారు. అక్కడే ఉండిపోవచ్చు కదా అని అడిగిన వాళ్లతో, "అక్కడ చెరకు లేదు," అనేవారట. చెప్పదలచుకోని సంగతులకు ఆయన దగ్గర ఇలాంటి పొట్టి జవాబులు చాలా ఉండేవి.

ఒక మాట ముందే చెప్పాలి. ఆయనా నేనూ మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. దాన్ని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆయన తెలుగులో అన్న మాటలు మాత్రం ఆయన అన్నట్టే ఉంచాను, ఎందుకంటే వాటికి వేరే రూపం లేదు.

మేమొచ్చిన మొదటి చలికాలంలో అమ్మకు అన్నం సయించడం మానేసింది. మొదట రాత్రి భోజనం పోయింది. తర్వాత పొద్దుటి ఫలహారం. మధ్యాహ్నం కంచం ముందు కూర్చునేది కానీ, రెండు ముద్దలు కలిపి, ఒకటి తిని, రెండోది అలాగే వదిలేసి లేచేది. అడిగితే, "ఇక్కడి బియ్యం పసుప్పచ్చగా ఉడుకుతున్నాయిరా, చూస్తేనే తినబుద్ధి కావడం లేదు," అనేది. ఆ మాటలో అనుమానించడానికేమీ లేదు. డర్బన్‌లో మామూలుగా అమ్మేవి ఉప్పుడు బియ్యం, వాటికి కొంచెం పసుపు జీర ఉంటుంది. మా ఆవిడ ఊరంతా తిరిగి బాస్మతి తెచ్చింది. అవీ పచ్చగానే ఉన్నాయంది అమ్మ. మా ఆవిడ ఆ బస్తా వైపు చూసి నా వైపు చూసింది.

కారణం మాకు తెలుసనే అనుకున్నాం. బెంగ. మన ఇళ్లలో ఈ మాటను ఎవరూ ప్రశ్నించరు. పసివాడు తల్లికి దూరమై పాలు ముట్టకపోతే బెంగ. పెద్దావిడ ఊరు మారి అన్నం ముట్టకపోతే బెంగ. అమ్మకు ఇక్కడ మాట్లాడేందుకు మనిషి లేదు. మేమిద్దరం పనికి పోతే ఇల్లంతా నిశ్శబ్దం. పక్కింటివాళ్ల ఇంటిపేరు తెలుగు, వాళ్ల పూజలో నాలుగు తెలుగు మాటలున్నాయి, కానీ మాటకు మాట తెలుగులో చెప్పేవాళ్లు లేరు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన వాళ్ల మనవలూ మునిమనవలే వీధి నిండా ఉన్నా, అమ్మ రోజంతా కిటికీ దగ్గర కూర్చునేది. ఇంతకంటే కారణం ఇంకేం కావాలి? విశాఖలో ఉన్న పిన్నితో ఫోన్లో మాట్లాడి, అమ్మను తిరిగి పంపించేయడానికి నిశ్చయించుకున్నాం. జొహన్నెస్‌బర్గ్ మీదుగా బొంబాయికి టికెట్ కొన్నాం. ఆ టికెట్ చూపిస్తే ఆకలి తిరిగొస్తుందని కూడా ఆశపడ్డాం. అమ్మ టికెట్ చేతిలోకి తీసుకుని, "మంచిది," అంది. ఆ మధ్యాహ్నం ఒక్క ముద్ద కూడా తినలేదు.

ఈలోగా ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తం చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, కడుపు స్కానింగ్ చేశారు. ఏమీ కనపడలేదు. మీ ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండని ఒక కాగితం రాసి ఇచ్చారు. అందులో ఒకే ఒక్క మాట నాకు తెలిసినట్టూ తెలియనట్టూ ఉంది. అనోరెక్సియా. పత్రికల్లో పనిచేసేవాణ్ణి కాబట్టి ఆ మాట విన్నాను. సన్నబడాలని తిండి మానేసే పడుచుపిల్లల జబ్బని మాత్రమే తెలుసు. అరవై ఎనిమిదేళ్ల మనిషికి అదెలా వచ్చిందో అర్థం కాలేదు. మా ఆవిడ ఆ కాగితం పట్టుకుని, "అత్తయ్యకు మనసుకు సంబంధించినదేదో అంటున్నట్టున్నారు," అంది. మా అనుమానానికి ఒక పేరు దొరికినట్టయింది.

ఆ కాగితంతో నేను మొదటిసారి డాక్టరు గారి సర్జరీకి వెళ్లాను. అమ్మను తీసుకెళ్లలేదు. అప్పటికే మెట్లు దిగే ఓపిక తగ్గింది.

ఆయన కాగితం చదివి, మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చారు.

"మీరు చేసే పనేమిటి?"

"జర్నలిస్టుని."

"అయితే మీకు తొందరగా అర్థమవుతుంది. మంటలు చెలరేగాయని ఎవరో ఫోన్ చేశారనుకోండి. మంటలు అనేది వార్తా, కారణమా?"

"వార్త."

"ఇదీ అంతే. వీళ్లు మీ అమ్మగారి జబ్బు పేరు రాయలేదు. మీరు చెప్పిందే గ్రీకులో రాసి మీకిచ్చారు."

ఐర్లండ్‌లో ఆయనకు పాఠం చెప్పిన ప్రొఫెసరు ఒకాయన, ప్రతి వైద్యపదాన్నీ విప్పి చూపించకుండా వదిలేవాడు కాదట. ఆ అలవాటు డాక్టరు గారికి అంటుకుంది. బల్ల మీద వేలితో రాస్తూ చెప్పారు. 'అన్' అంటే లేకపోవడం. మన 'అనర్హత'లో, 'అనారోగ్యం'లో ముందు వచ్చేదానికి అది దూరపు చుట్టమని నాకు తట్టింది. 'ఒరెక్సిస్' అంటే ఆశ, కోరిక. దాన్ని ఇంకా వెనక్కి తవ్వితే చేయి చాచడం, అందుకోబోవడం అనే అర్థం వస్తుంది. ఏదో ఒకటి కావాలనుకుని మనిషి చేయి ముందుకు జరపడం. అది లేకపోవడమే ఈ మాట. పడుచుపిల్లల జబ్బుకు ఈ మాట పక్కన 'నెర్వోసా' అని ఇంకో మాట చేరుస్తారు. ఆ రెండో మాట చెప్పకుండా మొదటిది ఒక్కటే వాడి పత్రికలవాళ్లు గందరగోళం చేశారని నా వైపు చూసి నవ్వారు.

నేను ఇంటికొచ్చాక ఆలోచించాను. మన వైద్యంలో దీన్ని అరుచి అంటారు. మామూలు మాటల్లో నోటికి హితవు లేదంటాం. మనవాళ్లు నాలుక వైపు నుంచి చూశారు. గ్రీకులు చేతి వైపు నుంచి చూశారు. రెండూ సరైనవే. రెండింటిలో ఏదీ ఎందుకో చెప్పదు. ఇరవై ఏళ్లు రిపోర్టింగ్ చేసినవాణ్ణి, దేనికైనా పేరు దొరకగానే సంగతి తెలిసిపోయిందనుకునే వాళ్లను చాలామందిని చూశాను.

నేను లేచేటప్పుడు ఆయన అడిగారు. "ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో ఏం వండుతారు?"

నాకు అర్థం కాలేదు. పప్పు, చారు, ఏదో ఒక కూర అన్నాను.

"నాకూ పెట్టండి. ఆకలి లేదన్న మనిషిని సర్జరీలో చూసి ఏం లాభం? ఇక్కడ ఎవరికీ ఆకలి ఉండదు. కంచం ముందు చూడాలి."

ఇది ఆయన పద్ధతి. తర్వాత వీధిలో వాళ్లు చెప్పారు. ఎవరింట్లోనైనా మనిషి తిండి మానేశాడంటే డాక్టరు భోజనం వేళకు వస్తాడు, ఒక కంచం తనకూ పెట్టించుకుంటాడు. క్వామషు అనే నల్లవాళ్ల పేటలో జులూ వాళ్ల ఇళ్లకూ అలాగే వెళ్లి, మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుళ్లు తిని వచ్చేవారట. పాత రోజుల్లో సాయంత్రమైతే అటు వెళ్లొద్దని పోలీసులు ఆపేవారని, "నాకు భోజనానికి పిలుపుంది," అని చెప్పి వెళ్లేవారని నర్సు నవ్వుతూ చెప్పింది.

ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. స్టెతస్కోపు లేదు, బ్యాగు లేదు. అమ్మ కొత్త మనిషి వచ్చారని చీర మార్చుకుని కూర్చుంది. మా ఆవిడ వడ్డించింది. ఆయన కూరా అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని, అమ్మ వైపు తిరిగారు. నేను ఆయన ఇంగ్లీషుకు తెలుగు చెబుదామని ముందుకు వంగాను. ఆయన తెలుగులోనే మొదలుపెట్టారు.

"ఏటి గుంటా? బువ్వ వద్దా?"

గుంట అంటే మా వైపు చిన్నపిల్ల. అమ్మ ముప్పై ఏళ్లు బడిపిల్లలకు పాఠం చెప్పింది. ఊళ్లో మునసబు కూడా ఆమెను మీరు అనేవాడు.

ఆయన ముఖంలో ఎక్కడా హాస్యం లేదు. చాలా మర్యాదగా, డాక్టరు అడిగినట్టే అడిగారు. "కొంచెం తిను. నాను చూస్తన్నాను. తినేది లేదంటే ఎలాగ? ఆ ముద్ద ఎవులు తింతారు, పిల్లా?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. మా ఆవిడ కంగారుపడి, "అత్తయ్యా, ఆయనకు తెలుగు సరిగ్గా..." అంటుంటే, అమ్మ కొంగు తీసింది. నవ్వుతోంది. ఈ దేశం వచ్చాక అమ్మ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

"మా అమ్మ పోయాక నన్ను గుంట అన్నవాళ్లు లేరు బాబూ," అంది.

"తిను మరి."

అమ్మ ముద్ద కలిపింది. అంతలోనే చెయ్యి ఆగిపోయింది. "తినాలనే ఉంది. ఈ పెరుగు కూడా చూడండి, ఎంత పసుప్పచ్చగా ఉందో. ఎలా తినను?"

ఈ మాట మేం ఎన్నిసార్లో విన్నాం. ఆయన మొదటిసారి విన్నారు. తన కంచంలో పెరుగు వైపు చూసుకున్నారు. తెల్లగా ఉంది. నా వైపు తిరిగి ఇంగ్లీషులో ఆమె ఏమంటోందని అడిగారు. చెప్పాను. ఆయన ఎడమచేత్తో తన చొక్కా పట్టుకుని చూపించారు.

"ఇది ఏ రంగు?"

"లేత పసుపు," అంది అమ్మ.

మా ఆవిడ నవ్వబోయి ఆగింది. ఆయన కంచం పక్కకు జరిపారు. గుండె మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగారు. వాడుతోంది. గుండె లయ తప్పుతోందని విశాఖలోనే మొదలుపెట్టారు. ఇక్కడికొచ్చాక ఆసుపత్రిలో అదే మందు ఇక్కడ దొరికే కంపెనీది రాసిచ్చారు. మా ఆవిడ వంటింట్లోంచి ఆ సీసా తెచ్చింది. మోతాదు సరిగ్గానే ఉంది. ఆయన సీసా బల్ల మీద పెట్టారు. ఆసుపత్రి వాళ్లకు తెలిసింది కూడా ఈ సీసా ఒక్కటే.

తర్వాత అమ్మ వైపు వంగి, తనకు తెలిసిన తెలుగులో అడిగారు.

"దొంగ గుంటా. ఇంకా ఏటి తింతన్నావు? ఎక్కడ దాచావు?"

నేను కొడుకుని. మా ఆవిడ కోడలు. మా ఇద్దరిలో ఎవరమైనా అమ్మను ఆ ప్రశ్న అడిగి ఉండేవాళ్లమా? మాకు ఆ ఊహే రాదు. వచ్చినా ఆ మాట నోటికి రాదు. అమ్మ మాత్రం అమ్మమ్మ ముందు దొరికిపోయిన పిల్లలాగా లేచి, పూజగదిలోకి వెళ్లి, చిన్న స్టీలు డబ్బా తెచ్చింది. అందులో విశాఖ నుంచి తెచ్చిన మాత్రలున్నాయి. రంగు వేరు, పేరు వేరు, మందు అదే. విశాఖ డాక్టరు గారు, ఈ మాత్ర ఒక్కరోజు కూడా మానవద్దని చెప్పి పంపారట. ఆ మాట మీద అమ్మ రోజూ పొద్దున్న పూజ అయ్యాక తులసి తీర్థంతో ఒకటి వేసుకుంటోంది. ఆ తర్వాత వంటింట్లో కోడలు ఇచ్చిన మాత్ర కోడలి ఎదురుగా వేసుకుంటోంది.

"ఆయన మానొద్దన్నారు. ఈయన వేసుకోమన్నారు. రెండూ గుండెకే కదా," అంది అమ్మ.

ఆ మందు ఎక్కువైతే ముందు పోయేది ఆకలి. తర్వాత కంటికి లోకం పసుప్పచ్చగా కనపడుతుంది. ఆ తర్వాత గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. ఇవన్నీ ఆయన కారులో ఆసుపత్రికి వెళుతుంటే చెప్పారు. భోజనం సగంలో ఉండగానే బయల్దేరాం. ఆయన చేతికి ఇంకా పప్పు అంటి ఉంది. విమానం టికెట్ ఆ గురువారానికి ఉందని చెప్పాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "గురువారం ఆమె విమానం ఎక్కితే, దిగేది అనుమానమే," అన్నారు.

ఆసుపత్రిలో పరీక్ష చేసి ఆయన చెప్పిందే నిజమన్నారు. రెండు మాత్రలూ ఆపి, గుండెకు మిషను పెట్టి ఉంచారు. ఆ రోజులు అమ్మకు ఎలా ఉన్నాయో నాకు తెలుసు, ఇక్కడ రాయను. ఒకరోజు పొద్దున్న నేను వెళ్లేసరికి, ఆసుపత్రి వాళ్లు పెట్టిన ఉడికించిన బంగాళాదుంప ముందు కూర్చుని ఉంది.

"ఇదేం తిండిరా, ఉప్పు కూడా లేదు," అంటూ దాన్ని అందుకుంది.

ఇక్కడితో ఆపితే ఇది చక్కటి కథ అవుతుంది. కానీ జరిగింది అది కాదు. ఇంటికొచ్చాక అమ్మకు ఆకలి వేసింది. కడుపు నిండా తింది. ఒళ్లు కొంచెం కోలుకుంది. తెల్లన్నం తెల్లగా కనపడింది. అయినా కిటికీ దగ్గర కూర్చోవడం మానలేదు. డాక్టరు గారు చూడ్డానికి వచ్చినప్పుడు నా చేత చెప్పించింది.

"ఆకలి వచ్చిందని చెప్పరా. బెంగ పోలేదని కూడా చెప్పు."

నేను చెప్పాను. బెంగ అనే మాట ఆయనకు తెలుసు. ఆయన నాన్నమ్మకు కూడా ఉండేదట. చెరకు పొలాల మధ్య పుట్టి, ఒక్కసారైనా చూడని ఊరి మీద ఆమె బెంగ పెట్టుకునేది.

"దానికి నా దగ్గర మందు లేదు," అన్నారు ఆయన. "కానీ మనం ఒక దాన్ని ఇంకోటి అనుకున్నాం. ఇప్పుడు రెండూ విడివిడిగా కనపడుతున్నాయి. అదే నయం."

వాయిదా వేయించిన విమానం టికెట్ ఏం చేయాలన్నది అమ్మకే వదిలేశాం. తినలేకపోతున్న మనిషిని పంపేయాలని మేము తీసుకున్న నిర్ణయం అది. తింటున్న మనిషికి తన నిర్ణయం తనకుంటుంది. అమ్మ చాలా రోజులు ఆలోచించింది. చివరికి, "ఆదివారాలు ఆయన వస్తున్నారు కదా, కొన్నాళ్లు చూద్దాం," అంది.

నిజంగానే వచ్చేవారు. ఆయన ఆదివారాలు రావడానికి కారణం తర్వాత తెలిసింది. గుంట అని పిలవడంలో మర్యాద లేదని, పెద్దవాళ్లను అలా అనకూడదని మా ఆవిడ ఒకరోజు మెల్లగా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"స్టాంగర్‌లో మొదట్లో నేను వైద్యం చేసిన ముసలమ్మలందరినీ అలాగే అన్నాను," అన్నారు.

"వాళ్లేమీ అనలేదా?"

"ఏడ్చేవాళ్లు. జబ్బు వల్ల అనుకున్నాను."

ఆయనకు తెలుగు నేర్పినది నాన్నమ్మ ఒక్కతే. అదీ నేర్పలేదు, అన్నం పెడుతూ, తిడుతూ మాట్లాడింది. ఇంట్లో మిగతావాళ్లు అప్పటికే ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. ఆమె తెలుగులో అంటే ఈయన ఇంగ్లీషులో జవాబు చెప్పేవారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. "మా ఇద్దరి మధ్యా ఒక కంచం ఉండేది. దాంతోనే పని జరిగిపోయేది," అన్నారు. అందుకే ఆయన దగ్గర తెలుగు సగమే ఉంది, పెద్దవాళ్లు పిల్లలతో అనే సగం. పిల్లలు తిరిగి ఏమంటారో ఆయనకు తెలియదు.

ఆదివారాలు వచ్చి ఆయన అమ్మను అడిగిన సహాయం ఇదీ. నాన్నమ్మ బువ్వ వద్దా అని అడిగినప్పుడు తాను ఏమని జవాబు చెప్పి ఉండాల్సింది? అమ్మ టీచరు కాబట్టి మొదట పుస్తకంలోలాగా చెప్పబోయింది. తర్వాత మనసు మార్చుకుని, విజయనగరంలో పిల్లలు ఎలా అంటారో అలాగే చెప్పింది. ఆకలేస్తంది నాన్నమ్మా. కూర బాగులేదు నాన్నమ్మా. సాలు, ఇంక నానొల్లను. అరవై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా వేసుకుని, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆ వాక్యాలు ఒక్కొక్కటీ పలికేవారు. తప్పు పలికితే అమ్మ బడిలో లాగానే సరిదిద్దేది. తర్వాత ఇద్దరూ పాత్రలు మార్చుకునేవారు. ఆయన తిట్టేవారు, అమ్మ మారాం చేసేది. మా ఆవిడ గరిటె పట్టుకుని నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయేది. నేను మాత్రం కూర్చుని చూసేవాణ్ణి. వయసు మళ్లిన ఇద్దరు మనుషులు తమకు అన్నం పెట్టిన వాళ్లను అలా కాసేపు తిరిగి తెచ్చుకుంటున్నారు. నేను అందులో లేను.

ఒక ఆదివారం ఆయన 'ఇంకొంచెం పెట్టు నాన్నమ్మా' అనే వాక్యం దగ్గర ఆగిపోయారు. దాన్ని ఒకసారి పలికి, మళ్లీ పలకలేదు. అమ్మ కూడా మళ్లీ పలకమని అడగలేదు. లేచి వెళ్లి ఇంకొంచెం పెట్టింది.

ఓటు వేసిన రోజు గురించి ఆయన్ను ఒకసారి ఇంటర్వ్యూ చేయబోయాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో మొదటి ఓటు. ఎలా అనిపించిందని అడిగాను. ఆ క్యూలో ముసలివాళ్లు చాలామంది పొద్దున్నుంచి ఏమీ తినకుండా నిలబడ్డారని, కళ్లు తిరిగి పడిపోతుంటే తనూ నర్సూ చక్కెర నీళ్లు పంచారని చెప్పారు. మీకు ఎలా అనిపించిందని మళ్లీ అడిగాను. "ఆకలేసింది," అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి తనకు ఏదో కావాలనిపించిందని, అది అన్నమో ఇంకేదో ఆ క్యూలో తెలియలేదని చెప్పారు. దాన్ని రాయవద్దన్నారు. ఆయన ఉన్నంతకాలం రాయలేదు.

ఆయన పోయారని అమ్మకు శనివారం సాయంత్రమే చెప్పాను. కిటికీ దగ్గరే ఉంది. వింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూశారు అని అడిగింది. ఆదివారం దహనానికి వెళ్లాం. ఒకే బల్ల మీద కూర్చున్న వాళ్లందరూ అక్కడున్నారు. ఎవరి పాటలు వాళ్లు పాడారు. క్వామషు నుంచి వచ్చిన ఆడవాళ్ల పాట చాలాసేపు సాగింది. ఇంటికొచ్చి స్నానాలు చేశాక అమ్మ తనే వంట చేసింది. అందరికీ పెట్టింది, తనూ తింది. తింటుందా లేదా అని మేము చూస్తున్నామని ఆమెకు తెలుసు.

"నాకేం కాలేదు, తింటాను. తినకపోతే ఆయన తిడతారు," అంది.

మంగళవారం పొద్దున్న చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని అడిగాను.

"ఈ మంగళవారం రమ్మన్నారు కదరా, గుండె చూస్తానని."

"అమ్మా..."

"నాకు తెలుసు. రమ్మన్న రోజు కదా అని."

తీసుకెళ్లాను. అమ్మ సంగతి జరిగినప్పటి నుంచీ డాక్టరు గారు ఒక నియమం పెట్టారు. వయసు మళ్లిన వాళ్లెవరు వచ్చినా, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఏ డాక్టరు ఇచ్చినవైనా, నాటు మందులైనా, దేవుడి దగ్గర పెట్టినవైనా, ఒక సంచిలో వేసుకుని రావాలి. అన్నీ బల్ల మీద ఒంపి చూసేవారు. అలా చూసి ఇంకెంతమందిని కాపాడారో నాకు తెలియదు. నర్సును అడిగితే లెక్క పెట్టలేదంది.

సర్జరీ తలుపు మూసి ఉంది. వసారాలో బల్ల మీద అప్పటికే కొంతమంది కూర్చుని ఉన్నారు. కబురు తెలియని వాళ్లు ఒకరిద్దరు ఉండొచ్చు. ఎక్కువమంది దహనానికి వచ్చినవాళ్లే, నేను గుర్తుపట్టాను. నర్సు లోపలి నుంచి వచ్చి, జులూలోనూ ఇంగ్లీషులోనూ, కొత్త డాక్టరు వచ్చేదాకా పక్కపేటకు వెళ్లమని చెప్పింది. అందరూ తలలూపారు. ఎవరూ లేవలేదు. జులూ ముసలావిడ ఒకామె పక్కకు జరిగి అమ్మకు చోటిచ్చింది. అమ్మ కూర్చుని, తన సంచి ఒళ్లో పెట్టుకుంది.

"పద అమ్మా," అన్నాను కాసేపటికి.

"ఉండరా. నా ముందు ఇంకా చాలామంది ఉన్నారు."

నేను వసారా మెట్టు మీద కూర్చున్నాను. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. అందరి ఒళ్లలో ప్లాస్టిక్ సంచులు చిన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఎవరూ వాటిని విప్పడం లేదు. మూసిన తలుపు వైపు చూస్తూ వరసగా కూర్చుని ఉన్నారు.